లేని మనిషి ముఖం

తెర మీద ముఖం తిరుపాలమ్మది కాదు. గొంతూ ఆమెది కాదు. చెబుతున్నది మాత్రం ఆమె కథే.

అది 2047వ సంవత్సరం. ఆదోనిలో ఒక కమ్యూనిటీ హాల్లో డాక్యుమెంటరీ ఆడుతోంది, కాన్పు తర్వాత కొందరు తల్లులను పట్టుకునే దిగులు గురించి. ఇలాంటివి కెమెరా ముందు ఎవరు చెబుతారు? అందుకే డాక్టర్ నజీమా ‘మారుముఖం’ అనే మెషిన్ తయారుచేసింది. మాట్లాడేవాళ్ళ ముఖాన్నీ గొంతునూ తీసేసి, లోకంలో ఎక్కడా లేని మనిషివి పెడుతుందది. తడబాటు, మౌనం, కన్నీళ్ళు మాత్రం అసలువే. పని కాగానే ఒరిజినల్ రికార్డింగ్‌ను చెరిపేస్తుంది.

“మూడు నెలలు బిడ్డను ఎత్తుకోవాలంటే భయం,” అంటోంది తెర మీది స్త్రీ. “ఒకరోజు నీళ్ళ తొట్టి దాకా తీసుకుపోయినా. బిడ్డ ఏడ్చింది. వెనక్కొచ్చినా.”

సినిమా అయిపోయింది. వెనక వరసలో ఒక ముసలామె లేచింది. “నాకూ అట్లనే అయింది. దయ్యం పట్టిందని కొట్టించినారు.” ఆమె కూర్చోకముందే ఇంకొకామె మొదలుపెట్టింది.

ముందు వరసలో తిరుపాలమ్మ పక్కన కూర్చున్న ఆమె భర్త ఓబులేసు తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

“పాపం! ఆ ఇంట్లో మొగుడనేవాడు లేడా? ఏమైందని ఒక్క మాట అడగలేదా?”

“అడగలేదు,” అంది తిరుపాలమ్మ. పదకొండేళ్ళుగా మొగుడి దగ్గర దాచిన ఆ మాట ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు. “ఆ మనిషిని నేనే.”

“ఊరుకోమ్మే. ఆమె ఎక్కడ, నువ్వెక్కడ? చూసి నీ మనసు కరిగింది, అంతే.”

ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని నజీమా దగ్గరికి లాక్కుపోయింది. “చెప్పండి మేడం, నేనే కదా?”

నజీమా ముఖం చిన్నబోయింది. “రికార్డింగ్ గదిలో మీరూ మెషినూ తప్ప ఎవరూ ఉండరమ్మా. నాకు కూడా తెలియకూడదనే అట్లా చేశాను. ఇప్పుడు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.”

తిరుపాలమ్మ మొగుడి వైపు తిరిగింది.

“పెరట్లో నీళ్ళ తొట్టి మీద బండ పెట్టించేదాకా నిన్ను నిద్రపోనీయలేదే, ఎందుకనుకున్నావు?”

ఓబులేసు హాలు మెట్ల మీద కూలబడ్డాడు. నెమ్మదిగా అడిగాడు.

“ఆ రోజు నేనెక్కడున్నా?”

“ఇంట్లోనే. పక్క గదిలో.”

“మొదటినుంచీ చెప్పు.”

మెషిన్ ముందు అరగంటలో చెప్పేసిన కథ అది. అతని ముఖం చూస్తూ చెప్పేసరికి పొద్దు గూకింది.