బానెట్ మీద నాన్న

పొయ్యి మీద టీ పెట్టి లోర్నా పెరట్లోకి వచ్చింది. బండి నుంచి ఊడదీసి నీళ్ల డ్రమ్ముకి ఆనించిన బానెట్ మీద పొద్దుటి ఎండ పడుతోంది. రెండేళ్ల క్రితం పోయిన ఆమె భర్త ఆ బానెట్ మీద నుంచి ఆమెనే చూస్తున్నాడు.

లోర్నా అరవలేదు. తీగ మీద ఆరేసిన దుప్పటి లాగి దాని మీద కప్పేసింది.

ఆస్ట్రేలియా నడిమధ్య, ఆలిస్ స్ప్రింగ్స్ శివారులోని మా ఆదివాసుల క్యాంపులో పోయినవాళ్ల పేరు పలకం, ఫొటో బయట పెట్టం. ఆయన పాటగాడు కాబట్టి పాటలు కూడా మూగబోయాయి. ముప్పై ఏళ్లు గనుల మీదా కంచెల మీదా పాడి జనాన్ని రోడ్డెక్కించిన మనిషి! అలాంటివాళ్లని కూడా పేరు పెట్టి పిలవకుండా ‘కుమన్‌జాయి’, అంటే పేరు పలకరానివాడు అనే అంటాం. ఇంటివాళ్లు ఇక చాలు అనేదాకా అంతే. ఈ కథ చెబుతున్న నేనూ అప్పటిదాకా ఆయన పేరు చెప్పను.

కూతురు టెరీస్ చేతిలో కుంచెతో పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, తియ్యి! రంగింకా ఆరలేదు, దుప్పటి అంటుకుంటుంది.”

“అంటుకోనీ. మీ నాన్న మొహం బయట పెట్టమని నీకెవరు చెప్పారే?”

“ఎవరు చెప్పాలి? గనివాళ్లు మన నీటి ఊటకి కంచె కడుతుంటే, వాళ్లని తిట్టిన ఒకే ఒక్క గొంతుని మనమే మూట కట్టి దాచుకుందామా?”

“దాచకపోతే? ఊళ్లో బొమ్మల గ్యాలరీ గోడకి వేలాడదీస్తావు. టూరిస్టులు వైన్ తాగుతూ నా మొగుణ్ని చూసి ముచ్చటపడతారు. అసలు నువ్వు ఆయన కోసం ఏడ్చావా? రంగుల డబ్బాలేసుకు తిరిగావు.”

టెరీస్ చేతిలో కుంచె చూపించింది. “ఇదేనమ్మా నా ఏడుపు. నాకు ఇంకోలా ఏడవడం రాదు.”

అంతలో గేటు ముందు బండి ఆగింది. కుమన్‌జాయి తమ్ముడు సిరిల్ దిగాడు. ఒకప్పుడు అన్న పాటకి డ్రమ్స్ వాయించినవాడు. ఆ బానెట్ అతని బండిదే.

“ఏమ్మా, నా బానెట్ ఇస్తావా ఇవ్వవా? నెల్లాళ్లుగా ఇంజను బయటేసుకు తిరుగుతున్నా. కుక్కలు కూడా జాలిగా చూస్తున్నాయి.”

అతను దుప్పటి వంక చూసి సంగతి గ్రహించాడు.

“చిన్నాన్నా, నువ్వైనా చెప్పు,” అంది టెరీస్.

“నాదేముందమ్మా. మీ అమ్మ మాటే మాట.”

లోర్నా మెట్టు మీద కూలబడింది. “మొహం బయటికొస్తే పాట కూడా వస్తుంది. ఆ గొంతు మళ్లీ వింటే నేను బతకలేనే, టెరీస్.”

తల్లి నోట ఆ మాట విన్నాక టెరీస్‌కి వాదించే ఓపిక పోయింది. కన్నీళ్లు తుడుచుకుని నల్లరంగు డబ్బా మూత తీసింది. “సరే. మొహం పూసేస్తా.”

ఆమె దుప్పటి ఎత్తింది. లోర్నా తల తిప్పుకుంది. మెరిసే కౌబాయ్ చొక్కా, బొమ్మల కథల్లో వీరుడిలా వీపున ఎగిరే ఎర్రటి గుడ్డ, గిటారుతో గని లారీలని ఈగల్లా తోలేస్తున్న కుమన్‌జాయి, కింద ఆయన పాట మాటలు. బొమ్మ చెంప మీద దుప్పటి నూలు అంటుకుంది. అప్పుడే గ్యాలరీ నడిపే ఫిలిప్పా బొమ్మ తీసుకెళ్లడానికి వచ్చింది.

“మొహం తీసేస్తున్నారా? మంచిదేనండీ, మీ ఆచారాన్ని మేమూ గౌరవించాలి కదా. అదే చేత్తో కింద ఉన్న ఆ పాట మాటలు కూడా పూసేయండి. ఈ ప్రదర్శనకి గని కంపెనీ సాయం చేస్తోంది. మాటలు లేకపోతే బొమ్మ ఇంకా అందంగా ఉంటుంది.”

టెరీస్ ఆమె వైపు తిరిగింది.

“మొహం మా అమ్మ కోసం పూస్తాను. మాటలు మాత్రం ఎవరి కోసమూ పూయను.”

“అలాగైతే దీన్ని ప్రదర్శనలో పెట్టడం కష్టమండీ.”

“కష్టమైతే మానెయ్యండి.”

లోర్నా లేచి వచ్చి కూతురి చేతిలోంచి కుంచె లాక్కుంది. వంగి, బొమ్మ కింది అక్షరాలు కూడబలుక్కుని పైకే చదివింది. “మా ఊటకి కంచె కట్టినోడా, నీ కంచె నెత్తినెట్టుకుని పో.” తర్వాత ఫిలిప్పా వైపు తిరిగింది.

“ఈయన నోరు నేను మూశాను. మా దుఃఖం కాబట్టి మూశాను. నా దుప్పటి చాటున దూరి నువ్వూ మూసేద్దామనుకున్నావా?”

“అది కాదండీ, నా ఉద్దేశం...”

“నీ ఉద్దేశం అర్థమైంది తల్లీ, ఆగు.”

ఆమె మరిది వంక చూసింది. సిరిల్ టోపీ తీసి తల ఊపాడు. లోర్నా బొమ్మ మొహం వైపు తిరిగింది.

“రూబెన్,” అంది.

చుట్టుపక్కల పెరళ్లలో గుడ్డలు ఉతుకుతున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. పక్కింట్లో ఉన్న నాకూ వినబడింది. బయటికొచ్చాను.

“మా ఆయన పేరు రూబెన్!” ఈసారి క్యాంపు చివరిదాకా వినబడేలా అరిచింది. “మొహమూ ఆయనదే, మాటా ఆయనదే. ఒక్క అక్షరం చెరగదు. సిరిల్, స్పానర్ తే. ఆ గ్యాలరీ గోడ వద్దు, ఏమీ వద్దు. బానెట్ బండికే బిగించు.”

టెరీస్ తల్లిని పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. తేరుకున్నాక, చెంప మీది నూలు తీసేస్తానంటూ కుంచె అందుకోబోయింది.

“ఉండనీ. అది నా దుప్పటిది,” అంది లోర్నా.

సిరిల్ బానెట్ బిగిస్తుంటే ఇంట్లోకి వెళ్లి, పిండి డబ్బా అడుగున దాచిన ఆయన పాటల క్యాసెట్ తెచ్చింది. బండిలో ముందు సీట్లో కూర్చుని దాన్ని తనే పెట్టింది. వెనకాల మేమంతా ఎక్కాం. ఊరి పెద్ద రోడ్డు ఎక్కేసరికి రూబెన్ గొంతు లేచింది. లోర్నా కళ్లు మూసుకుంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, అయినా అరచేత్తో బండి తలుపు మీద దరువు వేస్తూనే ఉంది.

గ్యాలరీ దాటాక సిరిల్ బండి నెమ్మది చేశాడు. “ఇంటికి పోదామా వదినా?”

“ఇంకో చుట్టు తిప్పు,” అంది లోర్నా. “పాట ఇంకా అవలేదుగా.”