తోకకర్ర మీది నెత్తురు

ఉదయం 9.15. షెడ్డు ఆఫీసులో ఫోన్ మోగింది.

"పాసైంది!" మెకానిక్ ఎగిరి గంతేసింది.

కొండల్లోని మట్టి రన్‌వేల మీద దిగడానికి తయారైన చిన్న సరుకు విమానం అది. ఈ రోజే సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని నడిపే పైలట్‌తో ఆమెకు పెళ్లయి తొమ్మిది రోజులు. పది రోజుల్లో రెండు శుభవార్తలు! గ్రీజు చేతులతోనే షెడ్డులోకి పరుగెత్తింది.

విమానం వెనక తలుపు కింద లోడింగ్ మేస్త్రీ పడి ఉన్నాడు. పుర్రె చిట్లిపోయింది. ఒక కన్ను లేదు.

శవం పక్కన మోకాళ్ల మీద ఆమె భర్త. మోచేతుల దాకా నెత్తురు.

"నేను వచ్చేసరికే..." అన్నాడు.

9.50. ఇన్‌స్పెక్టర్ వచ్చింది. బక్కపలచని మనిషి. గొంతు మాత్రం కంచు.

"కళ్లారా చూశాను మేడమ్," అన్నాడు షెడ్డు మేనేజర్. "సరిగ్గా 9.10కి. మూటలు ఎక్కించాక ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఈ పైలట్ తోక కింద ఉన్న కర్ర లాగి నెత్తిన బాదాడు. మళ్లీ అక్కడే పెట్టేశాడు."

తోక కింద నడుమెత్తు ఇనుప కర్ర నిలబడి ఉంది. దాని అంచున కడిగినా పోని నెత్తురు. నాలుగు తెల్ల వెంట్రుకలు.

"నువ్వెప్పుడొచ్చావు?" పైలట్‌ని అడిగింది ఇన్‌స్పెక్టర్.

"9.10కి. ఏడు నుంచి తొమ్మిది దాకా వాతావరణ ఆఫీసులో ఉన్నా మేడమ్."

కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. నిజమే. కానీ హత్య జరిగిందంటున్నది 9.10కి. బేడీలు పడ్డాయి.

"మా ఆయన దోమను కొట్టడానికి కూడా నన్నే పిలుస్తాడు మేడమ్!"

"దోమలు సాక్ష్యం చెప్పవమ్మా. ఈ కర్ర ఎందుకిక్కడ?"

"ఊత. మూటలన్నీ ముందు వెనక తలుపు దగ్గర పేరుస్తాం. ముందుకు జరిపి కట్టేదాకా ఇది లేకపోతే విమానం తోక మీద..."

మెకానిక్ ఆగిపోయింది. తలుపులోంచి లోపలికి చూసింది. పద్నాలుగు మూటలు. ఒక్కటీ ముందుకు జరగలేదు.

"...కూలబడుతుంది," అంది నెమ్మదిగా.

ఇన్‌స్పెక్టర్ కళ్లు మెరిశాయి. "తీసి చూద్దామా?"

"వద్దు! ఈ రోజే పాసైన విమానం!" మేనేజర్ అడ్డొచ్చాడు.

"తోకకి అతుకేస్తానండీ. ఈయనకి వెయ్యలేను కదా!"

అందరినీ దూరం జరిపి, సమ్మెట ఎత్తి కర్ర మొదట్లో ఒక్క పోటు వేసింది. కర్ర ఎగిరిపోయింది. ముందు చక్రం గాల్లోకి లేచింది. ధడేల్! తోక నేలను ఢీకొని రేకు అడుగున్నర చీలింది.

"ఉదయం మూటలున్నప్పుడు కర్ర లాగి ఉంటే, ఈ చీలిక నాకు రాగానే కనబడాలి," అంది ఇన్‌స్పెక్టర్. "కనబడలేదు. అంటే దెబ్బ పడేటప్పటికి విమానం ఖాళీ. మూటలు దించండి."

అడుగు మూట విమానం లోపలి నేలకు అంటుకుపోయింది. ఊడబెరికితే కింద గడ్డకట్టిన నెత్తురు, ఎముక పెంకులు.

"పద్నాలుగు మూటలకి ఎంతసేపు?"

"ఒక్కడే అయితే గంట పైనే," అంది మెకానిక్.

"ఏడింటికి పనిలోకొచ్చిన మేస్త్రీ ఎనిమిదిలోపే విమానం లోపల చచ్చాడు. అప్పుడు పైలట్ వాతావరణ ఆఫీసులో. మరి మూటలు మోసిందెవరు? మేనేజర్‌గారూ, చేతులు చూపించండి."

మేనేజర్ చేతులు వెనక్కి దాచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే!

కానిస్టేబుల్ లాగి చూపించాడు. పెన్ను తప్ప ఏదీ పట్టని అరచేతులు. నిండా పచ్చి బొబ్బలు.

"మూటలెక్కిస్తుంటే రోజూ ఈ కర్ర చూశారు. ఎందుకుందో మాత్రం ఏనాడూ అడగలేదు!" అంది మెకానిక్.

మేనేజర్ కానిస్టేబుల్‌ని విదిలించుకుని కర్ర అందుకున్నాడు. మెకానిక్ తల మీదికి విసిరాడు. పైలట్ బేడీలతోనే దూకాడు. దెబ్బ అతని భుజం మీద పడింది. ఎముక ఫట్‌మంది. ఇన్‌స్పెక్టర్ లాఠీ మేనేజర్ మూతి మీద దిగింది. రెండు పళ్లు రాలాయి.

"చక్రం కాలులో పగులు చూశాడు వాడు," నెత్తురు ఉమ్ముతూ అరిచాడు మేనేజర్. "పాస్ చేసేవాళ్లకి ఫోన్ చేస్తానన్నాడు! పద్దెనిమిది నెలల నా కష్టం!"

బేడీలు చేతులు మారాయి.

మెకానిక్ విమానం కిందికి దూరింది. టార్చి వేసింది. వెంట్రుకంత పగులు. దాని పక్కనే మేస్త్రీ సుద్దతో గీసిన గుండ్రం.

బయటికొచ్చి భర్త మంచి భుజానికి ఆనుకుంది.

"రేపు ఉదయం ఆరింటికి ఈ కాలు విప్పుతాను. నువ్వు ఒంటి చేత్తో స్పానర్లు అందించు. పదింటికి ఇద్దరం వెళ్లి, దీన్ని ఆ సర్టిఫికెట్ ఇచ్చినాయన బల్ల మీద పెడదాం."