కమాను కింద ఒర్నెల్లా

లాపో అడ్డంగా కట్టిన తాడు ఇవతల నిలబడి చూస్తున్నాడు. ఎదురుగా ఒర్నెల్లా చేతులకంటిన సున్నం తాపీగా దులుపుకుని, తాను కట్టిన కమాను కిందకి వెళ్లి నిలబడింది.

మోంతెలెర్తో కొండ మీద అదే ఆనవాయితీ. కమానుకి కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు తీసేటప్పుడు కట్టిన మేస్త్రి కిందే ఉండాలి. ఐదొందల ఏళ్ల కిందట ఈ కోట కట్టినవాళ్లూ అలాగే నిలబడ్డారు. ఫిరంగులకి బెదరని గోడలు కట్టించిన ప్రభువు, భార్య లోయ చూసుకోవడానికని ఈ వసారాని మాత్రం పూచికపుల్లల్లాంటి స్తంభాల మీద నిలబెట్టించాడు. భూకంపానికి కూలిందీ ఇదొక్కటే, ఇప్పుడు తిరిగి కడుతున్నదీ దీన్నే.

గొడవంతా ఇనుప కమ్మీ దగ్గరే. స్తంభాలు పక్కకి ఒరగకుండా కమ్మీ వెయ్యాలని ఒర్నెల్లా, పాత పటాల్లో లేనిది వేస్తే చరిత్ర పాడవుతుందని ఈ పనికి సలహాదారుగా వచ్చిన చరిత్ర ప్రొఫెసర్ లాపో. పరిచయమైన రోజే పోట్లాడుకున్నారు. కాగితాలు కమానుని మొయ్యవు ప్రొఫెసర్ గారూ అని వెక్కిరించింది. చివరికి అతని మాటే నెగ్గింది. పోట్లాట పేరు చెప్పి ఆర్నెల్లుగా అతను ఆమె పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు.

నాలుగు రోజుల కిందట లాపోకి గోడలో ఒక చిల్లు కనిపించింది. వేలు పెడితే లోపల పాత సీసం తగిలింది, కమ్మీ చివర కదలకుండా కరిగించి పోసే సీసం. అంటే అప్పట్లో కమ్మీ ఉండేది. చెబితే పరువు పోతుంది, ఒర్నెల్లా మొహం కూడా చూడదు. చదువుకున్నవాడి బుద్ధి చూడండి, నోరు మూసుకున్నాడు. అప్పట్నించీ తిండి లేదు, నిద్ర లేదు.

ఆమె తండ్రి ఎగిదియో మేస్త్రి పరంజా మీంచి సుత్తితో, సెంట్రింగ్‌ని బిగించి ఉంచిన మొదటి ఆపు చెక్క కొట్టాడు. పైనుంచి దుమ్ము రాలింది.

లాపో తాడు దాటి పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "బయటికి రా. నేను చెప్పింది తప్పు. కమ్మీ ఉండేది. చిల్లు చూసి కూడా భయపడి దాచాను. నీకేమన్నా అయితే నేను బతకలేను."

ఆమె కదల్లేదు. "కమ్మీ ఉంది. కమాను వీపు మీద, పై గది నేల కింద. ఆ చిల్లు నేను పని మొదలైన రెండో వారంలోనే చూశాను. ఇంజనీరుకి చెప్పి, బయటికి కనపడకుండా వేయించాను. నీ పేరు పోకూడదని నీకు చెప్పలేదు."

లాపో తలెత్తి కమాను వైపు చూశాడు.

"నువ్వు అందులో వేలు పెట్టడం కూడా చూశాను" అంది. "నాకు కమాను భయం లేదు లాపో. నువ్వు చెప్పవేమోనని నాలుగు రోజులుగా భయపడి చస్తున్నాను."

పైనుంచి ఎగిదియో, ఇద్దరూ బయటికి వస్తారా, కొట్టమంటారా అని అడిగాడు. లాపో ఇన్నాళ్లూ ఆయన్ని మేస్త్రి గారూ అని తప్ప పిలవలేదు.

"కొట్టండి మావయ్యా."

ఎగిదియో వంగి కూతురి మొహం ఒకసారి చూసి, మళ్లీ సుత్తి ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కటిగా ఆపు చెక్కలన్నీ ఊడిపడ్డాయి. కమాను నిలిచింది. లాపో ఇంకా కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాడు, ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.