ఎజ్రా తొందరపడి అన్న ఖలాస్

“ఖలాస్!” అని అరిచాడు ఎజ్రా.

దుబాయ్ మాల్‌లోని మంచు మైదానంలో స్కూల్ టీముల ఐస్ హాకీ మ్యాచ్ జరుగుతోంది. బయట ఎండ మాడ్చేస్తుంటే, లోపల పిల్లల ముక్కులు చలికి ఎర్రబడ్డాయి. ఎజ్రా డిఫెన్స్ ఆటగాడు. గోల్ దగ్గరికొచ్చిన పక్‌ని, అంటే నల్లటి రబ్బరు బిళ్ళని, కర్రతో దూరంగా కొట్టేయడం వాడి పని. ఇప్పుడూ గట్టిగానే కొట్టాడు. ఖలాస్ అన్న మాట వినగానే గోల్‌కీపర్ ఆశిష్ ‘హమ్మయ్య’ అనుకుని వంచిన నడుం నిటారుగా చేశాడు.

పక్ అంచు గోడకి తగిలి వెనక్కొచ్చింది. అవతలి కుర్రాడొకడు దాన్ని ఠక్కున గోల్‌లోకి నెట్టేశాడు. మ్యాచ్ పోయింది.

“అయిపోయిందన్నావు కదరా! నిన్ను నమ్మాను,” అన్నాడు ఆశిష్. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

ఖలాస్ ఎజ్రా ఊతపదం. సగం పాలు తాగి ఖలాస్. సగం లెక్కలు చేసి ఖలాస్. ఇంతవరకూ దానివల్ల ఎవరూ ఓడిపోలేదు మరి!

“దేఖో బేటా,” అన్నాడు కోచ్. “వచ్చే శుక్రవారం మ్యాచ్ చూసి హాకీ క్లబ్ వాళ్ళు తమ జూనియర్ టీమ్‌కి పిల్లల్ని తీసుకుంటారు. ఇలా ఆడితే కష్టం.”

పెద్దయ్యాక ప్రొఫెషనల్ ఆటగాడు కావాలని ఎజ్రా ఆశ. దానికి మొదటి మెట్టు ఆ టీమే.

ఇంటికెళ్ళి తల్లి దయాకుమారికి అంతా చెప్పి ఏడ్చేశాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది.

“మరి ఖలాస్ అని ఎప్పుడనాలి మమ్మీ?”

“నేను పేషెంటు చేతిలో మాత్ర పెట్టేసి వచ్చేస్తానేంట్రా? మింగేదాకా పక్కనే నిలబడతాను. కొందరు దిండు కింద దాచేస్తారు నాన్నా, నీలాంటి గడుగ్గాయిలు!”

ఏడుపులోనే నవ్వొచ్చింది ఎజ్రాకి. లేచి వెళ్ళి, పొద్దున వదిలేసిన లెక్కలు ముందేసుకున్నాడు.

శుక్రవారం మ్యాచ్ చివరికొచ్చింది. ఎజ్రా టీమ్ ఒక్క గోల్ ముందుంది. పక్ దూసుకొచ్చింది. ఎజ్రా బలంగా కొట్టాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి వెనక్కి తిరిగి చూశాడు.

పక్ మళ్ళీ గోడకి తగిలి గోల్ వైపే వస్తోంది! ఎజ్రా ఒక్క ఉదుటున వెళ్ళి కర్ర అడ్డం పెట్టాడు. ఈసారి అది నిజంగానే దూరం పోయింది. అయినా విజిల్ మోగేదాకా వాడు దాని మీంచి కళ్ళు తిప్పలేదు.

“ఇప్పుడు అనరా!” అంటూ ఆశిష్ వచ్చి వాటేసుకున్నాడు.

క్లబ్ వాళ్ళు ఇద్దర్నీ తీసుకున్నారు.

ఏళ్ళు గడిచాయి. ఎజ్రా ప్రొఫెషనల్ టీమ్‌లో మొదటిసారి ఆడిన రోజు దయాకుమారి, ఆశిష్ గ్యాలరీలో కూర్చున్నారు. ఎజ్రా కొట్టిన పక్ దూరంగా పోగానే ఆశిష్ లేచి చప్పట్లు కొట్టాడు.

“ఖలాస్ ఆంటీ!”

“కూర్చో బాబూ,” అంది దయాకుమారి మురిసిపోతూ. “మావాడు ఇంకా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.”