ఉప్పునీళ్ళ కలుపు

పొద్దున లేవగానే భీమేష్ దేవుడి పటానికి కాదు, హాల్లో ఉన్న నాలుగడుగుల అద్దాల తొట్టికి దండం పెడతాడని మంజుశ్రీ ఎప్పుడూ మొగుణ్ణి వేళాకోళం చేస్తుంది. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు. ముందు నీలం లైటు వేస్తాడు, తర్వాత నీళ్ళ వేడి చూస్తాడు, ఆ తర్వాతే కాఫీ. కుడతిని థర్మల్ కరెంటు కేంద్రంలో నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేసే మనిషి ఇంటికొచ్చి కూడా నీళ్ళే పరీక్షిస్తాడు. సముద్రం మొహం ఎరగని బళ్ళారి ఎండలో, వడకట్టిన నీళ్ళకు ఉప్పు కొలిచి కలిపి, హాల్లోనే చిన్న సముద్రం కట్టుకున్నాడు.

అందులో రెండు నారింజ రంగు చేపలు, రాళ్ళ మీద రంగురంగుల పగడపు జీవాలు. వాటిలో ఒకటంటే అతనికి ప్రాణం. మూడేళ్ళ క్రితం రెండు తలలతో ఉన్నప్పుడు బెంగళూరు నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఇప్పుడది పదకొండు తలలైంది. పచ్చటి వేళ్ళు చాచి నీళ్ళలో ఊగుతుంటే, మొదట్లో దాన్ని సవతి అని తిట్టిన మంజుశ్రీ కూడా చూస్తూ నిలబడిపోయేది.

ఆ ఇంట్లో మూడో మనిషి మంజుశ్రీ తల్లి హనుమమ్మ. మోకా ఊరి పక్క పల్లెలో నలభై ఏళ్ళు మిరపచేలల్లో కూలికి కలుపు తీసింది. భర్త పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు. మోకాలు వాచి మంచం పడితే, ఎనిమిది నెలల క్రితం భీమేషే వెళ్ళి తీసుకొచ్చాడు. వచ్చిందన్న మాటేగాని, అల్లుడింట్లో తినే ముద్ద ఆమె గొంతు దిగేది కాదు. అల్లుడు హాల్లో ఉంటే కుర్చీలో కూర్చోదు. అతనితో నేరుగా మాట్లాడదు. ఏం చెప్పాలన్నా వంటింటి తలుపు చాటు నుంచి "మంజూ, అల్లుడప్పకు చెప్పు" అంటుంది. మూడు గజాల దూరానికి మంజుశ్రీ పోస్టుమ్యాను ఉద్యోగం చేసేది.

ఆ ఆదివారం కాఫీ గ్లాసుతో తొట్టి ముందుకొచ్చిన భీమేష్, గ్లాసు పక్కన పెట్టేసి రాళ్ళను ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"మంజూ! ఈడ రా ఒకసారి."

"ఏమాయె? చేప చచ్చిందా?"

"కలుపు చూడు. పోయిన నెల పద్నాలుగు ఉండె. ఇప్పుడు నూట ఇరవై. పగడంలో మూడు తలలు ముడుచుకొని పోయినాయి చూడు, ఇంగ లేచేట్లు లేవు."

అతను కలుపు అన్నది మొక్కను కాదు. గోరంత ఉండే గోధుమరంగు జీవి, చూడ్డానికి పూవులా ఉంటుంది. ఏదో రాతికి అంటుకుని దొంగలా వచ్చింది. పక్కనున్న పగడాన్ని వేళ్ళతో కుట్టి కుట్టి చంపి, ఆ చోటు తాను ఆక్రమిస్తుంది.

"ఇంత బిరీన ఎట్లా పెరుగుతాది? ఎవరన్నా తొట్టిలో చెయ్యి పెట్టినారా?"

వంటింట్లో మూత కింద పడిన చప్పుడైంది. తర్వాత తలుపు చాటు నుంచి గొంతు వినిపించింది.

"మంజూ, అల్లుడప్పకు చెప్పు. నేనే తీసినా."

"ఏం తీసినావమ్మా?"

"కలుపే. అన్నం తింటా అల్లుడప్పే చెప్తాండె గదా, కలుపు పడింది, విడిచిపెడితే అంతా తింటాదని. మీరు పనికి పోయినాక మూడు దినాలు గిల్లి గిల్లి తీసినా. ఒక్కటి గూడా విడిచిపెట్టలేదు."

భీమేష్ తల పట్టుకున్నాడు. "గిల్లినారా! దాన్ని గిల్లగూడదు మంజూ! తెగిన ప్రతి తునకా మళ్ళా ఒకటై మొలుస్తాది! మూడేండ్లు పెంచినా దాన్ని, మూడేండ్లు! ఇది మిరపచేను గాదని మీ అమ్మకు చెప్పు. తెలియని పనిలో చెయ్యి పెట్టకుండా సుమ్మనే, ఊరికే కూచుంటే చాలు!"

ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో అతని గొంతు అంత లేవడం అదే మొదటిసారి. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, హనుమమ్మకు సరిగ్గా అదే అయింది. ఆమె కుంటుకుంటూ గదిలోకి వెళ్ళి తన రెండు చీరలూ సంచిలో పెట్టుకోసాగింది.

"యాడికమ్మా?"

"ఊరికి. పది గంటల బస్సుకు పోతా. బేజారు చేసుకోవద్దు మంజూ. అల్లుడప్పది తప్పు గాదు. బిడ్డ మాదిరి పెంచుకున్నాడు, నా చేతులారా చంపితి."

మంజుశ్రీ విసురుగా హాల్లోకి వచ్చింది. ఎప్పుడూ ఇద్దరి మధ్యా మాటలు మోసే మనిషి ఈసారి తన మాటే తెచ్చింది.

"సుమ్మనే కూచో అంటివి గదా? ఎనిమిది నెలలుగా ఆమె ఏడుస్తాండేది దానికే. సుమ్మనే కూచోని అల్లుడి కూడు తింటాండానని! ఈ ఇంట్లో ఆమెకు తెలిసిన పని ఒక్కటీ లేకపాయె. నీ నోటితోనే నువ్వు కలుపు అంటివి. కలుపంటే ఆ చేతులు ఊరుకుంటాయా?"

"అది గాదు మంజూ..."

"పదహైదు దినాల కింద అమ్మ వేళ్ళు ఎర్రగా వాచింటే అడిగినా. కారం దంచినా అనె. మన ఇంట్లో ప్యాకెట్టు కారమే గదా, యాడ దంచినట్లు? నాకు ఇప్పుడు తెలిసె."

భీమేష్ తొట్టి వైపు చూశాడు. ఆ జీవి కుడుతుందని అతనికి తెలుసు. తాను చేతికి తొడుగు లేకుండా ఆ నీళ్ళలో వేలు కూడా పెట్టడు. మూడు రోజులు ఉత్త చేతులు పెట్టి, మంటకు ఓర్చుకుని, కారం దంచానని అబద్ధం కూడా చెప్పింది ఆ ముసలామె. ఎందుకు? అల్లుడి తొట్టి బాగుండాలని. అతనికి పగడం మాటే గుర్తు రాలేదు. సిగ్గుతో కళ్ళు తడిశాయి.

కాని ఎన్నడూ ఎదురుపడి మాట్లాడని అత్తతో క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తెలిసింది ఒక్క పని. నెల క్రితం తెప్పించి, చెయ్యి వణుకుతుందని అటక మీద పడేసిన సున్నం పొడి డబ్బా దించాడు. ఆ కలుపును కోస్తే పుడుతుంది, నోటి మీద చిక్కటి సున్నం కప్పితే చస్తుంది. నేల మీద కూర్చుని గిన్నెలో పొడి పోసి నీళ్ళు కలిపాడు. మజ్జిగలా అయింది. పొడి పోశాడు, ఉండలు కట్టింది. మళ్ళీ నీళ్ళు పోశాడు.

సంచి పట్టుకుని గడప దాటబోతున్న హనుమమ్మ ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా ఆకువక్క వేసుకునే మనిషి. సున్నం తానే నానబెట్టుకునే మనిషి. ఎంత బాధలో ఉన్నా ఆ గిన్నె చూసి ఓర్చుకోలేకపోయింది.

"నీళ్ళు ఎక్కువైనాయి నాయనా."

మధ్యలో మంజుశ్రీ లేదు. ఆ మాట నేరుగా వచ్చింది. 

"ఇట్లా ఇయ్యి" అని సంచి దించి గిన్నె అందుకుంది. నిమ్మళంగా చిటికెడు చిటికెడు పొడి వేస్తూ చెంచా వెనక భాగంతో మెత్తగా నూరింది. "చూడు. ఇప్పుడు చెంచా తిరగేసినా కారదు."

భీమేష్ లేచి కుర్చీ తెచ్చి తొట్టి ముందు వేశాడు. "కూచోండత్తా. ఆ మోకాలితో నిలబడి చేసే పని గాదు ఇది."

హనుమమ్మ కూతురి వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది. చివరికి అంచు మీద కూర్చుంది. అతను చేతి తొడుగులు తెచ్చి తనే తొడగబోయాడు. ఆమె వేలికొసల మీద చర్మం ఇంకా పొట్టు లేస్తూనే ఉంది. ఆ వేళ్ళను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తప్పైందత్తా. ఇంత కుట్టినా ఒక మాట చెప్పకపోతిరే."

"మిరపకాయ కంటే ఎక్కువా నాయనా?" అని నవ్వింది గాని, కళ్ళ నీళ్ళు ఆగలేదు.

నీళ్ళు తిప్పే మోటార్లు ఆపారు. తొట్టిలో నీళ్ళు నిలిచాయి. సూది లేని సిరంజిలో సున్నం నింపి ఇచ్చాడు. "నీళ్ళు అదిరితే అది రాతి బొక్కలోకి పోతాది. పైలంగా పోవల్ల." ఆమె చెయ్యి ఇంచు ఇంచుగా పోయింది. కలుపు వేళ్ళు విప్పేదాకా ఆగింది. సరిగ్గా నోటి మీద తెల్లటి చుక్క పెట్టింది. అది ముడుచుకుని సున్నం కిందే ఉండిపోయింది.

"ఇంగొకటి" అంది హనుమమ్మ.

ఆరు అయ్యాక భీమేష్ ఆపాడు. "ఈ పొద్దుకు చాలు. ఎక్కువ వేస్తే సున్నం ఘాటుకు చేపలు తట్టుకోవు. దినానికి ఆరే."

ఆమె వేలి కణుపుల మీద లెక్కవేసింది. "నూట ఇరవై అంటివి. ఇరవై దినాలా?"

"ఇరవై దినాలకూ పూర్తిగా పోదత్తా. యాడో రాతి సందులో ఒకటి మిగులుతాది. మళ్ళా వస్తాది. ఇది ఎప్పటికీ ఉండే కలుపు."

ఆ మాట అతను చాలాసార్లు దిగులుగా అన్నాడు. ఈసారి మాత్రం నవ్వుతూ అన్నాడు.

హనుమమ్మ గడప పక్కనున్న సంచిని చూసింది. "మంజూ, దాన్ని లోపల పెట్టమ్మా" అని, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. తర్వాత అల్లుడి మొహం చూసి అడిగింది.

"రేపు ఎన్ని గంటలకు పనిలోకి రావల్ల నాయనా?"

"కాఫీ తాగినాక అత్తా. ఈడే, ఇద్దరం కూచోని తాగినాక."

మంజుశ్రీ కళ్ళు తుడుచుకుంటూ సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది.