సున్నా రాని శేషం

నిన్న మధ్యాహ్నం రెండు నలభైకి ఏడో బెడ్ మీది టైలర్ గుండె ఆగిపోయింది. మందు ఎక్కించే పంపు తెర మీద డోసు 0.8. గంట ముందే దాన్ని 0.3కి తగ్గించమని డాక్టర్ రాశాడు.

తగ్గించాల్సింది కొత్త నర్సు. ఆ వార్డులో ఆమెకు అదే మొదటి రోజు.

ఈరోజు ఐదింటికి ఆమెను కోర్టులో హాజరుపరచాలి. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. నాలుగు పది. ఆసుపత్రి గది బయట బెంచీ మీద ఆమె తల్లి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆవిడను చూశాక అతను రిమాండ్ కాగితం పక్కన పెట్టి, కొత్త నర్సును మరోసారి అడిగాడు.

"డోసు మార్చావా, లేదా?"

"మార్చాను సార్! తెర మీద 0.3 కనిపించింది కూడా. ఓకే నొక్కాను. బీప్‌మంది. పక్క బెడ్ ఆయన పిలిస్తే అటు తిరిగాను."

"మరి పంపు లాగ్‌లో 0.8 ఎందుకుంది?"

"తెలీదు సార్. మా అమ్మ మీద ఒట్టు."

ఒట్లు కోర్టులో చెల్లవు. ఇన్‌స్పెక్టర్ వార్డు పాత చార్టులు ముందేసుకున్నాడు. ఆరు నెలలవి. 0.2. 0.4. 0.8. 0.1. మళ్లీ 0.4.

నాలుగు ఇరవై ఐదుకి అతని వేలు ఆగింది. హెడ్ నర్సును పిలిచాడు. వార్డులో అందరికీ ఆవిడ పెద్దక్క.

"ఆరు నెలల్లో ఒక్కరికీ 0.3 పెట్టలేదేమ్మా? 0.5 లేదు. 0.6, 0.7 కూడా లేవు."

పెద్దక్క ఆ చార్టుల వైపు చూసింది.

"ఆ పంపు ఆ అంకెలు తీసుకోదండీ. డాక్టర్లకి చెప్పి పక్క అంకె రాయించుకుంటాం. నిన్నటి డాక్టరూ కొత్తాయనే."

పంపు తెప్పించారు. 0.4 నొక్కితే రెండు బీప్‌లు. 0.3కి ఒకటే బీప్. రెండు సెకన్లకు పాత అంకె తిరిగొచ్చింది.

పంపు ప్రోగ్రాం రాసిన ఇంజనీర్‌నీ పిలిపించారు.

"డోసుని 0.1తో భాగించినప్పుడు శేషం సున్నా రాకపోతే తిప్పికొట్టమని రాశాను సార్."

"0.3కి సున్నాయేగా వచ్చేది?"

"మన లెక్కలో సార్. కంప్యూటర్ 0.1ని వెంట్రుకవాసి ఎక్కువగా దాచుకుంటుంది, 0.3ని వెంట్రుకవాసి తక్కువగా. 0.3లోంచి 0.1ని మూడోసారి తీసెయ్యడానికి చాలదు. రెండుసార్లే తీసి, మిగిలిందంతా శేషం అంటుంది. 0.0999..."

"మరి 0.4?"

"దాన్నీ ఎక్కువగానే దాచుకుంటుంది, సరిగ్గా నాలుగుసార్లు పోతుంది." అతను తల దించుకున్నాడు. "నేను పరీక్షించింది దాంతోనే."

"ఇలాంటి పంపులెన్ని?"

"నాలుగొందలు."

"ఫోన్ తియ్. ఒక్కో ఆసుపత్రికీ చెప్పు. ఇప్పుడే!"

నాలుగు యాభై. ఇన్‌స్పెక్టర్ రిమాండ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వింటికెళ్లమ్మా. తప్పు నీది కాదు."

కొత్త నర్సు కదల్లేదు. పెద్దక్క వైపే చూస్తోంది.

"ఇది మీకు ముందే తెలుసా పెద్దక్కా?"

"వార్డులో అందరికీ తెలుసమ్మా." ఆవిడ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు చెప్పాలని ఒక్కరికీ తట్టలేదు."