పేరు పెట్టి పిలవకూడని చోటు

క్యోటో పడమటి కొండ కింద ఉన్న ఆ బౌద్ధాలయానికి పగలంతా మంచి పేరే. పొద్దు గూకిందా, అక్కడ ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు.

కారణం లేకపోలేదు. ఆ ఆవరణలో వేల రాళ్లున్నాయి, ఒక్కో రాయీ ఒక్కో మనిషి. ఎప్పుడో పోయారు. తలుచుకునేవాళ్లు లేరు. పేర్లు వానలకి అరిగిపోయాయి. పేరు లేనివాళ్లకి ఏ పేరు వినబడినా తమదే అనిపిస్తుందట... పలుకుతారట.

తోఫు, అదే సోయా పాల జున్ను, చేసి అమ్మే తోకుజికి ఈ నియమంతో ఏ ఇబ్బందీ లేదు. నలభై రెండేళ్ల కాపురంలో పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఓయ్" అంటే సరి. మనిషి మంచివాడే సుమా. మంచు పడే రోజుల్లో కూడా తెల్లవారకుండానే లేచి చన్నీళ్లలో చేతులు పెట్టేవాడు. ఆ తోఫు రుచి ఇప్పుడెక్కడిది! సరే, అది వేరే సంగతి.

ఆగస్టు నెలాఖరున ఆ రాళ్లన్నిటి ముందూ కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఏడాది దంపతులిద్దరూ వెళ్లారు. మిసావో, అదీ ఆవిడ పేరు, ఒక రాతి ముందు కూర్చుని దాని నున్నటి మొహం తడిమింది.

"ఏవండీ, నేను పోయాక నా రాతిమీద ఏం చెక్కిస్తారు? ఓయ్ అనా?"

"నోరు ముయ్యవే! ఇక్కడా నీ వేళాకోళం?"

"అంతేలెండి. పేరు గుర్తుంటే కదా చెక్కించడానికి!"

తోకుజి విసుక్కుని అటు తిరిగాడు. గాలికి కొవ్వొత్తి ఆరింది. పక్క రాతి దగ్గర అంటించుకుని లేచి చూస్తే... మిసావో లేదు.

"ఓయ్!"

పదిమంది ముసలమ్మలు ఒక్కసారే తలలు తిప్పారు. అందరి మొగుళ్లూ ఆ బాపతే మరి. వాళ్లలో మిసావో లేదు.

ఆవిడవి నొప్పుల మోకాళ్లు. మెట్లనిండా పాచి. వెనక వెదురు తోపు, దాని పక్కనే లోయ...

వెతుక్కుంటూ ఆఖరి వరస దాకా పోయాడు. అక్కడ జనం లేరు. దీపాలూ పల్చబడ్డాయి. ఎక్కడ పడిపోయిందో ఏమో. పిలవాలి. ఓయ్ అంటే తననే అని ఆవిడకెలా తెలుస్తుంది? పేరు పెట్టే పిలవాలి.

కొవ్వొత్తి ఎత్తి పట్టుకున్నాడు.

"మి... మిసావో..."

"ఊఁ..."

ఎడమవైపు నుంచి. నేలకి బాగా దగ్గరగా. కొవ్వొత్తి చాచి చూశాడు — రాళ్లే.

"మిసావో!"

"ఊఁ..."

ఈసారి సరిగ్గా వీపు వెనక. గిరుక్కున తిరిగాడు. ఎవరూ లేరు. పారిపోదామని కాళ్లు తొందరపెట్టాయి. కానీ ఆవిణ్ణి వదిలేసి ఎక్కడికి పోతాడు?

"మిసావో! ఎక్కడున్నావే!" అది పిలుపు కాదు, ఏడుపు.

"ఇదిగో, వచ్చానండీ!"

వెదురు తోపు దగ్గర పెద్ద రాతి వెనక నుంచి, బట్టలు దులుపుకుంటూ లేచింది మిసావో. మొహం వెలిగిపోతోంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"మోకాళ్లు లాగితే కూర్చున్నా. మీరు మొదటిసారి పిలిచినప్పుడే వినబడింది. నలభై రెండేళ్లకి నా పేరు మీ నోటొచ్చింది, ఒక్కసారితో వదిలిపెడతానా? మూడోసారి దాకా కిక్కురుమనకుండా కూర్చున్నా."

తోకుజి నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"కిక్కురుమనలేదా? రెండుసార్లూ ఊఁ అన్నావుగా..."

మిసావో ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. కుంటుకుంటూనే గేటు దాటేదాకా లాక్కుపోయింది.

మర్నాటి నుంచీ తోకుజి ఆవిణ్ణి పేరు పెట్టే పిలిచేవాడు. మిసావో మాత్రం వెంటనే పలికేది కాదు. తనకంటే ముందు ఇంకెవరైనా పలుకుతారేమోనని ఒక్క క్షణం చెవి ఒగ్గి విని, ఆ తర్వాతే "ఊఁ" అనేది.